అదృష్టము పేర సర్కారు పన్ను

మార్గశిర పుష్య మాసములలో మన యిండ్ల మగవారు మాల వేసికొని శబరిమల కేగి వచ్చుట ఇప్పుడు ఊరూరను మామూలైనది. తిరిగి వచ్చి, ఇరుముడి విప్పి, అరవణ ప్రసాదము ఇరుగుపొరుగులకు పంచిపెట్టిన పిమ్మట సంచి దులుపునప్పుడు, మడత పెట్టిన రంగుల కాగితమొకటి రాలిపడుట కొన్ని యిండ్లలో జరుగుచుండును. "ఇదేమి?" అని ఇల్లాలడుగును. "ఏమున్నది, ఏబది రూపాయలు. స్వామి దయ యుండిన కోటి రూపాయలు" అని ఆయన నవ్వును. ఆమెయు నవ్వి, ఆ కాగితమును దేవుని పటము వెనుక నుంచును. అంతటితో మనవారి యిండ్లలో ఆ కథ ముగియును. ఏలయన నేడు ఆంధ్రప్రదేశములో గాని తెలంగాణములో గాని ప్రభుత్వపు లాటరీ లేదు. కాని ఆ కాగితము పుట్టిన దేశమున కథ ముగియదు. మరునాడు మరల మొదలగును.

రెండేండ్ల క్రిందట మేమును ఆ దారిని పోయితిమి. చెంగన్నూరు రైలుస్టేషను వెలుపల, వాననీరు నిలిచిన త్రోవప్రక్క, ఒక ముదుసలి మెడకు అట్టపలక తగిలించుకొని నిలిచియుండెను. పలకమీద టిక్కెట్లు బట్టలకు వేయు చీలలతో వరుసగా గుచ్చియుండెను. "చేచ్చీ, ఈ దినపుది, మూడు గంటలకే తీయుదురు" అని మాతో వచ్చిన ఆమెను పిలిచెను. ఆమె బేరమాడబోయి, ధర కాగితముమీదనే ముద్రితమైయుండుట చూచి సిగ్గుపడెను. మేము చూచుచుండగనే ఒక ఆటోవాడు, ఒక కూలివాడు, చేపల బుట్ట దించి చేతులు తుడిచికొనిన ఒక స్త్రీ, వరుసగా వచ్చి కొనిపోయిరి. కారులో దిగినవారు పదిమంది ఆ త్రోవను పోయిరి గాని ఒక్కరును ఆగలేదు. ఇది ఒక్కనాటి చూపు. దీనినిబట్టి సిద్ధాంతము చేయరాదని మాకును తెలియును. కాని లెక్కలు చూచిన పిదప ఆ చూపు మాకు మరల మరల జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆ దినము మంగళవారము. మంగళవారపు టిక్కెట్టు పేరేమనుకొందురు? "స్త్రీశక్తి". మా చదువరులలో అనేకులు స్త్రీశక్తియన్న మాటకు చదువనియు, ఉద్యోగమనియు, ఓటనియు, పొదుపు సంఘమనియు అర్థము చెప్పుకొనుచున్నారు. జూదపు చీటీకి ఆ పేరు పెట్టిన ఉద్యోగి యెవరో గాని, ఆయనకు హాస్యప్రియత్వము మెండుగా నుండవలెను. శనివారపు చీటీ పేరు "కారుణ్య". ఇట్లు దినమునకొక పేరు ఏలనని మేము విచారింపగా దానికొక కారణము కానవచ్చినది. 1998లో పార్లమెంటు చేసిన లాటరీల నియంత్రణ చట్టము, ఏ లాటరీకిని వారమునకొకటి మించి తీత యుండరాదని శాసించినది. వారమునకు ఒక్కమారే తీయవలెనన్నచో చేయదగినదేమి? ఏడు పేర్లతో ఏడు లాటరీలు పెట్టినచో దినదినము తీయవచ్చును! చట్టము అక్షరము తప్పలేదు; చట్టము చేసినవారి యుద్దేశము మాత్రము కొట్టుకొనిపోయినది. అత్తగారు దినమునకొక్క పూటయే కాఫీ త్రాగవలెనన్నచో ఉదయము కాఫీయు, సాయంకాలము "డికాషన్" త్రాగిన కోడలి తెలివి ఇట్టిదే.

కేరళమున ఈ సంస్థ 1967లో పుట్టెను. నాటి ఆర్థికమంత్రి పి. కె. కుంజు సాహెబు. దేశములో రాష్ట్ర ప్రభుత్వము తానై లాటరీశాఖ పెట్టి నడపుట అదియే మొదలు. టిక్కెట్టు ఒక్క రూపాయి. మొదటి బహుమతి 50,000 రూపాయలు. మొదటి తీత 1968 జనవరి 26వ తేది. ప్రజలపై క్రొత్త పన్ను వేయకయే ఖజానాకు రాబడి కల్పింపవలెనన్నది నాటివారి యూహ. పరరాష్ట్రములు చూచి నేర్చుకొన్నవి. తమిళనాడు, కర్ణాటకము మొదలగు రాష్ట్రములు తామును నడపి, పిమ్మట చేతులు కాల్చుకొని మానుకొన్నవి. తమిళనాడు 2003లోను, కర్ణాటకము 2007లోను నిషేధించినవి. కేరళము మాత్రము విడువలేదు. 2023-24వ సంవత్సరమున ఆ శాఖ అమ్మకపు మొత్తము 12,000 కోట్ల రూపాయలు దాటినది.

పండ్రెండువేల కోట్లన్న మాట వినుటకు నోరూరునట్లుండును గాని, మన చేతి లెక్కకు అందదు. కేరళ జనసంఖ్య దాదాపు మూడున్నర కోట్లు. పంచి చూచినచో తలకొక మూడువేల నాలుగువందల రూపాయలకు పైగా పడినది. పసిబిడ్డలను, ఎన్నడును టిక్కెట్టు ముట్టని వృద్ధులను, కారులలో పోవువారిని తీసివేసి, కొనువారి తలలపైననే వేసి చూడుడు. ఎంత పెరుగునో మీరే యూహింపవచ్చును.

ఇక ఆ ఏబది రూపాయలు ఏమగుచున్నవో చూతము. 2025 సెప్టెంబరు 22వ తేదినుండి లాటరీ టిక్కెట్లపై వస్తుసేవల పన్ను నూటికి నలుబది. అంతకు పూర్వము ఇరువదియెనిమిది. ఏబది రూపాయల ధరలో పన్ను ఇమిడియే యున్నది గనుక విడదీసి చూచినచో టిక్కెట్టు అసలు వెల 35 రూపాయల 71 పైసలు, పన్ను 14 రూపాయల 29 పైసలు. బంగారముపై నూటికి మూడు, చీటీపై నలుబది! ఈ పదునాలుగు రూపాయలు కేంద్రమును రాష్ట్రమును సగపాలు పంచుకొనును. మిగిలినదానిలో ఏజెంటు కమీషను, చిల్లర అమ్మువాని కమీషను, అచ్చుకూలి, ప్రకటనల ఖర్చు పోవును, పిమ్మట బహుమతులు, ఆ పిమ్మట సర్కారు లాభము.

అచ్చటితోనైన ఆగినదా? లేదు. గెలిచినవాడు మరల చెల్లింపవలెను. పదివేల రూపాయలు మించిన బహుమతిపై ఆదాయపు పన్ను నూటికి ముప్పదిగా ముందే కోసికొందురు. ఇందొక విశేషమున్నది, మన సోదరీమణులు దీనిని గమనింపవలెను. కూలి చేసికొను మనిషికి మామూలుగా ఆదాయపు పన్నే లేదు. ఆతని సంపాదన పన్ను వేయదగినంత యుండదు. కాని లాటరీ సొమ్మునకు ఆ మినహాయింపు వర్తింపదు. కోటీశ్వరునికి ముప్పదియే, కూలివానికిని ముప్పదియే. పోనీ, ఈ బహుమతి వచ్చుటకు ముందు పదియేండ్లు కొని పారవేసిన టిక్కెట్ల ఖర్చునైన తగ్గింతురా? అదియును తగ్గింపరు. అంగడివానికి నష్టము లెక్కలోనికి వచ్చును, జూదరికి రాదు. జూదము నడపించువారికి మాత్రము నష్టమే లేదు.

2022వ సంవత్సరపు ఓణము బంపరు లాటరీయందు టిక్కెట్టు 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్లు. అరువదియారు లక్షలకు పైగా టిక్కెట్లు చెల్లినవి. తిరువనంతపురము ఆటో నడుపు ఒక చిన్నవానికి అది దక్కినది. ఇరువదియైదు కోట్లలో నూటికి పది ఏజెంటుకు. మిగిలిన ఇరువదిరెండున్నరలో నూటికి ముప్పది పన్ను. తేలినది పదునైదు కోట్ల డెబ్బదియైదు లక్షలు. దానిపై ఉపరిపన్నులు వేరు. ఆ సొమ్ము చేతికి రాకమునుపే సహాయము కోరి వచ్చువారి తాకిడికి ఇంట నిలువలేక ఆతడు బంధువుల యిండ్లలో తలదాచుకొనవలసి వచ్చెనని, ఈ బహుమతి రాకున్నను బాగుండెడిదని ఆతడే వాపోయెనని నాటి పత్రికలు వ్రాసినవి. ఒక్కని ముఖము పత్రికలందు పడినది. ఓడిన అరువదియారు లక్షల చీటీల ముఖము ఏ పత్రికయు అచ్చువేయలేదు.

పన్నులలో రెండు జాతులు కలవని అర్థశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉన్నవాని వద్ద హెచ్చు పాలు, లేనివాని వద్ద తక్కువ పాలు తీసికొనునది ఒకటి. లేనివానికే హెచ్చు బరువగునది రెండవది. దీనిని తిరోగామి పన్ను అందురు. పేరు కఠినముగా నున్నను సంగతి వంటయింటి సంగతియే. నెలకు పదునైదువేలు తెచ్చు మగనికి దినమునకొక టిక్కెట్టు అలవాటైనచో నెలకు పదునైదువందలు. సంపాదనలో పదవ వంతు. నెలకు లక్షన్నర తెచ్చు ఉద్యోగి అదే టిక్కెట్లు కొన్నచో నూరవ వంతు. ఆ పదునైదువందలలో పన్ను భాగమే నాలుగువందల యిరువదియెనిమిది రూపాయలు. ఉద్యోగి యింట అది ఒకనాటి హోటలు భోజనము. కూలివాని యింట అది బిడ్డ పాలు. నిజమునకు ఉద్యోగి దినమును కొనడు. పండుగనాడొకటి సరదాకు కొనును. అమెరికా దేశమున రాష్ట్ర లాటరీలు 1964లో న్యూహాంప్‌షైరుతో మరల మొదలైనవి. వానిని పరిశీలించి క్లాట్‌ఫెల్టరు, కుక్ అను ఇద్దరు పండితులు 1989లో ఒక గ్రంథము ప్రకటించిరి. లాటరీవలన వచ్చు రాబడిని పన్నుగా నెంచినచో దాని బరువు పేదలపైననే హెచ్చుగా పడుచున్నదని అందు తేల్చిరి. దేశము వేరైనను బీదవాని కోరిక ఒక్కటే గదా.

ఇది క్రొత్త తెలివి యనుకొనరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుడను ఉద్యోగి కలడు. జూదము ఒక్క చోటనే యాడింపవలెను. వేరొక చోట నాడినవానికి పండ్రెండు పణముల దండుగ. పాచికల యద్దె, నీటికి, చోటికి రుసుము, గెలుపులో నూటికి అయిదు రాజునకు. అనగా రాజుగారి గడపలో నాడినచో ఆదాయము, పెరటిలో నాడినచో అపరాధము. మన నేటి చట్టమును అట్లే యున్నది. రాష్ట్రపు లాటరీ కాని లాటరీ నడపుట మొదట భారత శిక్షాస్మృతిలోను, 2024 జూలైనుండి దాని స్థానమున వచ్చిన న్యాయసంహితలోను నేరము. 1999లో సుప్రీంకోర్టు వారు, ప్రభుత్వము నడపినంతమాత్రమున లాటరీ జూదము కాకపోదని స్పష్టముగ తీర్పు చెప్పిరి. చెప్పిన పిమ్మటను తీతలు యథాప్రకారము జరుగుచునేయున్నవి.

యాజ్ఞవల్క్యస్మృతి యందలి సంగతి ఇంకను చిత్రము. జూదశాల నడపు సభికుడు నూరు పణములును అంతకు పైనను గెలిచినవాని వద్ద నూటికి అయిదు తీసికొనవలెనట; అంతకు లోపు గెలిచిన చిన్న జూదరి వద్ద నూటికి పది! అందు రాజునకు పాలు. దీనిపై విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. దాని ననుసరించి పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. తిరోగామి పన్నుకు ఇంతకంటె పాత ఉదాహరణము మాకు దొరకలేదు. మనువు మాత్రము ఈ రాబడి రాజునకు వలదు, జూదమును రాజ్యమునుండి వెడలగొట్టవలెనని చెప్పెను. స్త్రీల విషయమున మనువుతో మాకు కలహములు పెక్కులున్నవి గాని, ఈ యొక్క చోట ఆయన పక్షముననే నిలిచెదము.

ఋగ్వేదము పదవ మండలమున జూదరి విలాపమొకటి కలదు. అందు అత్త ద్వేషించును, ఆలు తరిమివేయును, తల్లి ఏడ్చును. ఆ సూక్తమున మాట్లాడువాడు పురుషుడే; కాని నష్టపోయిన వారి పట్టికలో ముగ్గురును స్త్రీలే. భారతమున ద్రౌపది సభలో అడిగిన ప్రశ్న యందరికిని తెలిసినదే: తన్నుతానోడిన పిమ్మట నన్నొడ్డుటకు ఆయనకు హక్కెక్కడిది? ఆ ప్రశ్నకు భీష్ముడే సరియైన యుత్తరము చెప్పలేకపోయెను. ఇంటి బియ్యపు డబ్బుతో చీటీ కొనిన మగనిని ఇల్లాలడుగు ప్రశ్నయు ఇదియే. ధర్మరాజు ఎదుట శకుని కూర్చుండెను. ఈ మగని ఎదుట కూర్చున్నది ఎవరో ఆమెకు కనబడరు.

ఐరోపాలోను ఇదే ముచ్చట. ఇటలీలో పోపు పదుమూడవ బెనెడిక్టు లాటరీ ఆడినవారిని మతమునుండి వెలివేయుదునని శాసించెను. ఆయన తరువాతి పోపు పండ్రెండవ క్లెమెంటు 1731లో దానిని మరల పెట్టెను. నేడు యాత్రికులు నాణెములు విసరు రోమునగరపు ట్రేవి జలయంత్రము ఆ లాటరీ సొమ్ముతో కట్టినదే. నేపుల్సు నగరమున కలలకు అంకెలు చెప్పు పుస్తకములుండెడివి. కలలో పిల్లి కనబడిన ఒక అంకె, చచ్చిన బంధువు కనబడిన మరియొక అంకె. ఆ నగరమున పత్రిక నడపిన మతిల్డే సెరావో యను స్త్రీ 1891లో ఈ పిచ్చి మీదనే ఒక పెద్ద నవల వ్రాసినది. ఇంగ్లండు 1826లో సర్కారు లాటరీని మాన్పి 1994లో మరల తెచ్చుకొన్నది. మన దేశముననే కలకత్తా పురమందిరము 1813లో లాటరీ సొమ్ముతో లేచెను. ఇంత చరిత్రలో మాకు తోచినదొక్కటి: ఖజానా ఖాళీయైనప్పుడెల్ల ప్రభుత్వములకు ప్రజల యదృష్టముపై నమ్మకము హెచ్చుచుండును.

ఇప్పుడు రెండవ పక్షము వినవలెను. వినకపోవుట న్యాయము కాదు.

"ఎవరును మెడపై కత్తి పెట్టి కొనిపింపలేదు, ఇష్టమున్నవాడు కొనును" అనునది మొదటి మాట. నిజమే. కాని ఉప్పు కొనుటయు ఇష్టమే. దినదినము గోడలమీద, పత్రికలమీద, సినిమా తారల చిరునవ్వులతో ప్రకటనలు వేసి పుట్టించిన ఇష్టము ఎంతవరకు ఇష్టమగునో! ఇంటిపన్ను చెల్లింపుమని ఏ ప్రభుత్వమును ఇంత అందమైన బొమ్మలు వేయింపలేదు.

"ఆ సొమ్ము ధర్మమునకే పోవుచున్నది" అనునది రెండవ మాట. ఇది త్రోసివేయదగినది కాదు. 2011లో కారుణ్య లాటరీ పెట్టి, ఆ లాభముతో 2012లో ఒక నిధి నేర్పరచి, గుండెజబ్బు, కాన్సరు, మూత్రపిండముల వ్యాధి గల పేదల చికిత్సకు ధనమిచ్చిరి. ఎందరో ప్రాణములు దక్కించుకొన్నారు. ఆ యిండ్లవారితో లాటరీ చెడ్డదని చెప్పుటకు మాకు నోరు రాదు. కాని ఒక మాట. ఒక బీదవాని గుండెకు వైద్యము చేయుటకు పదిమంది బీదవారి జేబులు తడుముట ధర్మమా? ఆ ఆసుపత్రి ఖర్చు ఉన్నవారి పన్నులనుండి ఏల రారాదు? అదియునుగాక, ఈ పద్ధతిలో ఖర్చు చూడుడు. పండ్రెండువేల కోట్లు ప్రజలనుండి కదిలించి, బహుమతులు, కమీషనులు, అచ్చుకూలి పోగా ఖజానాకు నికరముగా చేరునది అందొక చిన్న భాగమే. కుండెడు నీరు తోడి చెంబెడు తెచ్చుకొను బావివంటిది ఇది.

"అమ్మువారి బ్రతుకో?" అనునది మూడవ మాట. ఇది మమ్ము నిజముగా తడబడజేసినది. కేరళమున టిక్కెట్లమ్మువారిలో కుంటివారు, గ్రుడ్డివారు, ముదుసలులు, మగదిక్కులేని స్త్రీలు వేలకువేలు కలరు. అందొక స్త్రీ సంగతి చెప్పక తీరదు. 2021లో ఎర్నాకుళము జిల్లాలో ఒక తోటమాలి ఆమెకు ఫోనుచేసి, 200 రూపాయల టిక్కెట్టొకటి తనకై తీసియుంచుమని, డబ్బు తరువాత ఇత్తుననెను. ఆ టిక్కెట్టుకే ఆరుకోట్ల మొదటి బహుమతి వచ్చినది. కాగితము ఆమె చేతిలోనే యున్నది, డబ్బింకను ముట్టలేదు. ఆమె ఆ రాత్రియే వాని యింటికిపోయి, టిక్కెట్టు చేతికిచ్చి, తన రెండువందలు తీసికొని వచ్చినది. బిడ్డల వైద్యమునకు అప్పులలో నున్న ఇల్లట ఆమెది. ఇట్టివారి కూడు తీసివేయుడని మేము వ్రాయజాలము. తమిళనాడులో 2003లో ఒక్క కలమువ్రేటుతో లాటరీ మాన్పినప్పుడు అమ్ముకొనువారు వీథిని పడిరి. మాన్పదలచినచో ముందు వీరికి వేరు దారి చూపవలెను. ఐనను, కుంటివానికి కూడు పెట్టుటకు కూలివాని కూడే దొరకినదా యని మాత్రము అడుగుదుము.

ఇంతకును బీదవారు ఏల కొనుచున్నారు? చదువులేక, లెక్క రాక యని పెద్దమనుష్యులు తేల్చివేయుదురు. మేము ఒప్పుకొనము. 2023లో మలప్పురము జిల్లా పరప్పనంగాడిలో ఇంటింట చెత్త యేరు పదునొకండుగురు స్త్రీలు 250 రూపాయల టిక్కెట్టొకటి కలిసి కొనిరి. తొమ్మండుగురు తలకు ఇరువదియైదు వేసికొనిరి; మిగిలిన ఇద్దరివద్ద అంతయు లేక, పండ్రెండున్నర చొప్పున వేసికొనిరి. పది కోట్లు వచ్చినవి. మరునాడు పనికి పోయిరని కూడ చదివితిమి. చదివినప్పుడు మా కన్నులు చెమర్చినవి. వారికి వచ్చుటకంటె న్యాయమైన చోటికి ఆ సొమ్ము పోజాలదు. కాని ఇరువదియైదు రూపాయలు చేతలేనివారే ఈ పన్ను చెల్లించుచున్నారనుటకు ఇంతకు మించిన సాక్ష్యము కూడ వేరొకటి లేదు.

వారికి లెక్క తెలియకకాదు. ఇంటికప్పు, కూతురి పెండ్లి, షావుకారు అప్పు, ఇవి ఒక్కమారుగా లక్షలు కావలసిన పనులు. దినమునకు ఏబది మిగిల్చిన ఎన్నటికి లక్షలగును? బ్యాంకువారు పూచీ అడుగుదురు. పూచీయే యున్నచో ఆమె చెత్త యేల యేరును? ఒక్కసారిగా పెద్దమొత్తము చేతికి వచ్చు త్రోవ ఆమె వీథిలో ఒక్కటే తెరచియున్నది. ఆ త్రోవకు సుంకపుగేటు పెట్టి సర్కారు కూర్చున్నది. మన స్త్రీలు వేసికొను చీటీపాటను దీనితో పోల్చి చూడుడు. చీటీలో ఇరువదిమంది చేరినచో ఒకరికి ముందు, ఒకరికి వెనుక, ఇరువదిమందికిని పాట దక్కును. నడపునామె నమ్మకస్తురాలైనచో ఎవరి సొమ్మును గాలికి పోదు. దానినీ దీనినీ రెంటిని మనము "చీటీ" యనియే పిలుచుట మన భాష చేసిన పొరపాటు.

మన తెలుగుదేశమున లాటరీ లేదని మురియుటకు మాత్రము మాకు ధైర్యము చాలదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు సారాకొట్టు మూయించినప్పుడు, వారడిగినది ఈ లెక్కయే గదా. మగడు పగలు తెచ్చిన కూలి రాత్రి సారాకొట్టు దాటి ఇల్లు చేరదు. కొట్టు పాటలో వచ్చిన సొమ్ము ఖజానా చేరును. వయోజన విద్య వాచకములు చదువుచు, చదువుచు వారు ఈ కూడికను తామే చేసికొనిరి. 1993లో సారా పోయినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలినది. సడలించుటకు చెప్పిన ముఖ్యకారణము ఖజానా రాబడి తగ్గుటయే. ఇక జూదమన్నచో, మన కుర్రవాండ్రు చేతిలోని ఫోనులోనే రమ్మీ యాడి అప్పులపాలైన యిండ్లు ఎన్నో. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను, 2025లో దేశమంతటికిని పార్లమెంటును, డబ్బు పందెముగా నాడు అట్టి యాటలను నిషేధించినవి. మంచిదే. ఐతే సర్కారు కాగితపు లాటరీ 1998 చట్టము క్రింద సుఖముగానే యున్నది. ప్రైవేటువాడు ఫోనులో నాడించినది పాపము. సర్కారు కాగితముమీద నాడించినది ప్రజాసేవ!

లాటరీని రేపే మాన్పుమని మేము కోరుటలేదు. మాన్పినచో అచ్చువేయని నంబరాట చీకటికొట్లలో సాగునని అనుభవజ్ఞులు చెప్పుమాటలో సత్యము లేకపోలేదు. మేము కోరునది చిన్నది. ఔషధపు పెట్టెపై ధర ముద్రింపవలెను. హోటలు బిల్లుపై పన్ను వేరుగా చూపవలెను. అట్లే ఏబది రూపాయల టిక్కెట్టు వెనుక నాలుగు పంక్తులు అచ్చువేయుదురు గాక: ఇందు పన్ను యింత, కమీషను యింత, బహుమతులకు యింత, మొదటి బహుమతికి అచ్చువేసిన చీటీలు ఇన్ని. మలయాళమున, పెద్ద యక్షరములతో. చేపలబుట్ట దించి, చేతులు తుడిచికొని కొనిపోయిన ఆ స్త్రీకి చదువు వచ్చును. ఆ రాష్ట్రమున చదువురాని యాడుది అరుదు. టిక్కెట్టు వెనుక చోటును లేకపోలేదు. మేము మా సంచిలోని దానిని త్రిప్పి చూచితిమి.